చీర కట్టిన అబ్బాయికి బస్సులో చోటుందా?

ఏ షాపింగ్ మాల్‌కు వెళ్లినా ఇప్పుడు ‘యూనిసెక్స్’ అరలు కనిపిస్తున్నాయి. వదులు టీషర్టులు, హూడీలు, కార్గో ప్యాంట్లు. ఆడా మగా ఎవరైనా వేసుకోవచ్చంటున్నారు. మంచిదే. కానీ ఆ అరల్లో ఉన్నవన్నీ నిన్నటిదాకా మగవాళ్లవిగా చెలామణి అయిన బట్టలే. అమ్మాయిలు ప్యాంటూ షర్టూ వేసుకోవడం మన దగ్గర ఎప్పుడో మామూలైపోయింది. ఒక అబ్బాయి చీర కట్టి, కాటుక పెట్టుకుని సిటీ బస్సెక్కి, ఎవరి చేతా మాట పడకుండా ఇల్లు చేరిన రోజున లింగభేదం లేని ఫ్యాషన్ వచ్చిందని ఒప్పుకుంటాను.

కేరళ బళ్లలోనూ ఇదే లోటు. 2021 డిసెంబరులో కోళికోడ్ జిల్లా బాలుశ్శేరి ప్రభుత్వ పాఠశాలలో ప్లస్ వన్ (పదకొండో తరగతి) పిల్లలందరికీ ప్యాంటు, షర్టు యూనిఫాం పెట్టారు. పరిగెత్తడానికి, బస్సెక్కడానికి ఆడపిల్లలకు అది ఎంతో సుఖం. దాని మీద తర్వాత గొడవలు రేగాయి, ఆ యూనిఫాంను ఎవరి మీదా రుద్దబోమని ప్రభుత్వం చెప్పింది. అయినా అక్కడ కూడా బట్ట మార్చుకోవాల్సి వచ్చింది అమ్మాయిలే.

ఆడవాళ్ల బట్ట కట్టడమంటే దిగజారడమని మన బుర్రల్లో నాటుకుపోయింది. ఓడిన మగవాణ్ణి ‘చీర కట్టుకో, గాజులు తొడుక్కో’ అని తిడతాం. పని చేయని అధికారికి గాజులు పంపడం ఇప్పటికీ నిరసన కింద చెల్లుబాటవుతోంది. ఆ తిట్టు పడేది అధికారికి కాదు, రోజూ గాజులు వేసుకుని పనికెళ్లే ప్రతి స్త్రీకీ. అందుకే మగవాళ్లు చీర కట్టడం నాకు సరదా విషయంగా కనిపించదు. ఆడతనాన్ని తక్కువగా చూడటం పోయిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

ఇదంతా విదేశీ పోకడ, పిల్లలు తికమకపడతారు అనేవాళ్లున్నారు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు మొక్కుగా చీర కట్టి, నగలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. పిల్లలు చూస్తూనే ఉంటారు, ఎవరూ తికమకపడరు. స్త్రీ పాత్రలు వేసి మెప్పించిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ ఇచ్చాం. మొక్కుకైతే దండం, రంగస్థలం మీదైతే చప్పట్లు, తన ఇష్టంతో కట్టుకుంటే రాళ్లు. ఈ లెక్క ఎవరైనా సమర్థించగలరా?

రాళ్లే కాదు, జైలు కూడా ఉండేది. నిజాం కాలంలో, 1919లో హైదరాబాద్ సంస్థానం ఒక చట్టం తెచ్చింది. అధికారుల రిజిస్టరులో ‘నపుంసకులు’గా పేరెక్కినవాళ్లు ఆడ బట్టల్లో, నగలతో వీధిలో కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. సంస్థానం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం మిగిలింది. 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద వచ్చిన నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, తన జెండర్‌ను వేషధారణతో చెప్పుకోవడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద భావప్రకటన స్వేచ్ఛేనని తేల్చింది. అయినా తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసేదాకా ఆ నిజాం నాటి చట్టం పుస్తకాల్లో అలాగే ఉంది. వందేళ్లకు పైగా!

చట్టం పోయినంత మాత్రాన భయం పోదు. తనకు నచ్చిన బట్ట వేసుకునే ధైర్యం నెల జీతం నుంచి, అద్దెకు దొరికే గది నుంచి వస్తుంది. డబ్బున్న హీరో స్కర్టు వేసుకుంటే ఫొటోలు వైరల్ అవుతాయి. సెక్యూరిటీ గార్డు ముక్కుపుడక పెట్టుకుంటే ఉద్యోగం పోతుంది. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం ఉద్యోగంలో, ఇంటి అద్దెలో వివక్ష చూపరాదంటోంది. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలోకి 39 మంది ట్రాన్స్‌జెండర్లను తీసుకోవడం నాకు ఏ ఫ్యాషన్ షో కన్నా పెద్ద విషయం. యూనిఫాం వేసుకుని కూడలిలో నిలబడి చెయ్యెత్తితే కార్లు ఆగుతున్నాయి. ఆ గౌరవం మిగతా శాఖల్లో ఎందుకు కుదరదు?

కాలేజీలు, ఆఫీసులు ఇవాళే చేయగల పనీ ఉంది. డ్రెస్ కోడ్‌లో అబ్బాయిలకొకటి, అమ్మాయిలకొకటి అంటూ రాసే రెండు జాబితాలను కలిపి ఒక్కటి చేయాలి. చీర, చుడీదార్, పంచె, ప్యాంటు అన్నీ అందులో ఉండాలి, ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకోవాలి. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఈ మేరకు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.