సవరణ: మైలోమాలో స్టెమ్ సెల్స్ చేసే పని వేరు

మల్టిపుల్ మైలోమా (ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలకొచ్చే క్యాన్సర్) మీద మొన్న పెట్టిన పోస్టులో "రోగి సొంత స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే అవే క్యాన్సర్ కణాలను చంపుతాయి" అని రాశాను. (స్టెమ్ సెల్స్ అంటే మూలుగలో రక్తకణాలను తయారుచేసే మూలకణాలు.) అది తప్పు, పొరపాటు నాదే.

చంపేది మెల్ఫలాన్ అనే మందు. మామూలు మోతాదు శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 200 మిల్లీగ్రాములు; కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి 140కి తగ్గిస్తారు. ఇంత మందు మైలోమాతో పాటు మూలుగనీ తుడిచిపెట్టేస్తుంది. అందుకే ముందుగా 4, 5 రోజులు జీ-సీఎస్ఎఫ్ (స్టెమ్ సెల్స్‌ని మూలుగ నుంచి రక్తంలోకి రప్పించే మందు) ఇంజెక్షన్లిచ్చి, రక్తంలోకి దిగిన స్టెమ్ సెల్స్‌ని యంత్రంతో వేరుచేసి దాచుతారు. కిలో బరువుకి కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (సీడీ34 అనే గుర్తున్న స్టెమ్ సెల్స్) కావాలి. తక్కువైతే ప్లేట్‌లెట్లు కోలుకోవడం ఆలస్యమవుతుంది. మెల్ఫలాన్ ఇచ్చాక ఒకట్రెండు రోజులకి దాచిన స్టెమ్ సెల్స్‌ని తిరిగి ఎక్కిస్తారు; వాటి పని మూలుగని మళ్లీ నిలబెట్టడమే. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లరక్తకణాలు) లేవడానికి రెండు వారాలు అటూఇటూ పడుతుంది, ఇన్ఫెక్షన్ల భయమంతా అప్పుడే.

క్యాన్సర్‌పై దాడి ఉండేది దాత కణాలిచ్చే అలోజెనిక్ మార్పిడిలో. అక్కడా ఆ పని ప్రధానంగా దాత టీ కణాలనే రోగనిరోధక కణాలది, స్టెమ్ సెల్స్‌ది కాదు. నేను రెండూ కలిపేశాను. పై వివరాలు మైలోమా చికిత్స మార్గదర్శకాలతో సరిచూసినవి.