అడ్డసరం ఆకు: ల్యాబ్ రిపోర్టు ఎంతవరకు చెబుతుంది?

అడ్డసరం దగ్గుకు పనిచేస్తుందా అన్న వాదనకు రసాయన శాస్త్రం ఎప్పుడో కొంత జవాబు ఇచ్చింది. ఈ ఆకులోని వాసిసిన్ అనే ఆల్కలాయిడ్‌ను (మొక్కల్లో ఉండే నత్రజని రసాయనాన్ని) ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్‌ను తయారుచేశారు. కఫాన్ని పలుచన చేసే ఆ మందును అల్లోపతి డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తున్నారు. తేలాల్సింది వేరే ఉంది. ఆకు పొడి బ్యాచ్ బ్యాచ్‌కీ ఒకేలా ఉంటోందా?

అడ్డసరంలో పెద్దమాను అనే వేరే చెట్టు ఆకు కలిపే బెడద పాతదే. పొడి కొట్టాక కంటికి తేడా తెలియదు, మైక్రోస్కోప్ కావాలి. అడ్డసరం ఆకు కణాల్లో సిస్టోలిత్‌లు, అంటే కాల్షియం కార్బొనేట్ ముద్దలు కనిపిస్తాయి. మట్టి కలిసిందేమో చూడటానికి ఆకును కాల్చి తీసే బూడిద లెక్కను కూడా ఇవే తికమక పెడతాయి. ఆకును కాల్చితే ఈ ఖనిజాలన్నీ బూడిదలో మిగులుతాయి కాబట్టి, బూడిద ఎక్కువ వచ్చినంత మాత్రాన మట్టి కలిసిందని అనలేం. మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథమైన ఆయుర్వేద ఫార్మకోపియా, మొత్తం బూడిదను ఆకు బరువులో 21 శాతం దాకా ఒప్పుకుంటుంది. ఆ బూడిదను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగిస్తే కాల్షియం కరిగిపోతుంది, ఇసుక మాత్రం మిగులుతుంది. అలా మిగిలింది ఆకు బరువులో 1 శాతం దాటకూడదు. ఖర్చు తక్కువ, పని గట్టిది. పాతకాలపు పరీక్ష అని తీసిపారేయాల్సిన పని లేదు.

అయితే ఇవన్నీ పాసైన ఆకు శుభ్రమైనదనే తేలుతుంది, దాని బలం ఎంతో తేలదు. కోసిన కాలం, ఆకు ముదురు, ఆరబెట్టిన తీరును బట్టి వాసిసిన్ మోతాదు మారుతుంది. నిల్వలో అది గాలి తగిలి వాసిసినోన్‌గా మారుతుంది కూడా. అందుకే పొడిలోని పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీటీఎల్‌సీ లాంటి ల్యాబ్ పద్ధతులతో వాసిసిన్‌ను కొలవాలంటారు. నిజమే కానీ, ఒక్క అంకెనే ప్రమాణం చేస్తే ఆ అంకెను తెప్పించే దారులూ పుట్టుకొస్తాయి. నాసిరకం పొడిలో బయటి నుంచి వాసిసిన్ కలిపితే రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది! ఆకులోని పదార్థాలన్నీ వరుసగా గీతల్లా కనిపించే పూర్తి ఫింగర్‌ప్రింట్‌ను అసలు ఆకుతో పోల్చి చూడాలి. సీసం, పాదరసం పరీక్షలు ఎలాగూ తప్పనిసరి.

ఇంత పట్టింపు ఎందుకంటే, వాసిసిన్‌కు గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం కూడా ఉంది. మోతాదు తగ్గితే దగ్గు తగ్గదు, అంతే. గర్భిణి విషయంలో పెరిగితే టెన్షన్ పడాల్సిందే. 'సహజమైనది' అన్న మాటకు లేబుల్‌పై చోటిస్తున్న కంపెనీలు, దాని పక్కనే ఒక్కో డోసులో వాసిసిన్ ఎన్ని మిల్లీగ్రాములో, గర్భిణులు వాడొచ్చో లేదో కూడా రాయాలి. బ్యాచ్ రిపోర్టును ఫైల్లో దాచుకోకుండా కొనేవాళ్లకు అందుబాటులో పెట్టాలి.