కోనల్లో థర్మామీటర్ ఎవరు పెడతారు?

కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు ఏదో ఒక సెమిస్టర్లో ఐరిస్ పూలతో కుస్తీ పట్టక తప్పదు. 1936లో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ అచ్చువేసిన 150 పూల కొలతలవి. వాటిలో ఎక్కువ పూలు కెనడాలోని గాస్పే ద్వీపకల్పంలో కోసినవి. కడపలో కూర్చుని వాటిని మూడు రకాలుగా విడదీయడం నేర్చుకుంటే తప్పేం లేదు. కానీ పాఠం చెప్పే లెక్చరర్ల పీహెచ్‌డీలు కూడా ఎక్కడినుంచో దించుకున్న డేటా మీదే పూర్తయిపోతుంటే, కాలేజీ మేడెక్కితే కనిపించే పాలకొండల గురించి అంకెలు అడిగినప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సి వస్తోంది. ఇది మాకు కొరుకుడు పడని విషయం.

ఆ కొండల్లో ఏముందో జిల్లాలో తెలియనివాళ్లు లేరు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. పేరిత అనే సైకస్ జాతి మొక్క, కొండ సాంబ్రాణి చెట్టు కూడా ఈ చుట్టుపక్కల కొండలను నమ్ముకున్నవే. బంగారు బల్లి చల్లటి బండ చీలికల్లో, నీటి తడి దగ్గర బతుకుతుంది. శేషాచలం అడవులను 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు. వేడి పెరిగేకొద్దీ ఈ జీవాలు ఎక్కడికి పోవాలి? మంచుయుగంలో యూరప్ చెట్లు ఐబీరియా, ఇటలీ, బాల్కన్ ప్రాంతాల్లో కాస్త వెచ్చగా ఉన్న చోట్ల తలదాచుకున్నాయి. ఇప్పుడు వెతుక్కోవాల్సింది చల్లటి చోట్లు. శాస్త్రవేత్తలు వీటిని వాతావరణ ఆశ్రయాలు అంటున్నారు. మన దగ్గర అవి ఎక్కువగా కోనలే కావచ్చు. రెండు పక్కలా నిటారు బండలుంటే ఎండ దిగేది కొన్ని గంటలే. చెలమ నీరు, చెట్ల ఆకులు వదిలే తేమ వేడిని తగ్గిస్తాయి. రాత్రిపూట బరువెక్కిన చల్లగాలి పైనుంచి జారి అడుగున చేరుతుంది.

ఇంతవరకూ ఎవరైనా చెప్పగలరు. ఏ కోన ఎన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది, వరసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టినా ఆ చల్లదనం నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. పరిశోధకులు ఎక్కువగా వాడే వాతావరణ పటాల్లో ఒక్కో గడి సుమారు కిలోమీటరు. వాతావరణ శాఖ ఇచ్చే వర్షపాతం గడి పావు డిగ్రీ, అంటే పాతిక కిలోమీటర్ల పైమాటే. లంకమల కొండల్లోని నిత్యపూజకోన లాంటి ఇరుకు చోటు అలాంటి గడిలో కనిపించదు. శిఖరం వేడినీ లోయ చల్లదనాన్నీ కలిపి పటం ఒకే అంకె చూపిస్తుంది. ఆ అంకె అక్కడ ఏ చెట్టుకూ వర్తించదు.

చల్లటి దేశాల్లో రాసిన పుస్తకాలనూ గుడ్డిగా నమ్మలేం. ఉత్తరం వైపు వాలు చల్లగా ఉంటుందన్నది వాటిలో మామూలు సూత్రం. కడప పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే పోతాడు. అంటే మే నెలలో ఆ ఎండ దక్షిణపు వాలు కంటే ఉత్తరపు వాలుకే ఎక్కువ తగులుతుంది. సూత్రం తలకిందులు కావచ్చు. కొలిస్తే తప్ప తేలదు.

ఇక్కడే కంప్యూటర్ సైన్స్ వాళ్ల అవసరం పడుతుంది. ఉష్ణోగ్రతను వాటంతటవే నమోదు చేసుకునే బొత్తాం అంత లాగర్లు కొన్ని వేల రూపాయలకు దొరుకుతున్నాయి. సెంటినెల్-2 ఉపగ్రహం 10 మీటర్ల స్పష్టతతో ఇచ్చే చిత్రాలు ఉచితం. బోటనీ వాళ్లు చోటు చూపించి చెట్లను గుర్తిస్తే, లాగర్ల రీడింగులను, కొండ ఎత్తుపల్లాలను, చిత్రాలను కలిపి చిన్న చిన్న గడుల పటం గీసే పని కంప్యూటర్ వాళ్లది. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. పక్కపక్కనే ఉన్న చోట్ల కొలతలను కలగలిపి, కొన్నిటితో కంప్యూటర్ మోడల్‌కు నేర్పి, మిగతావాటితో పరీక్ష పెడితే 98 శాతం కచ్చితత్వం తేలిగ్గా వస్తుంది. అది పరీక్షకు ముందే పేపర్ లీకైనట్టు. లంకమలలో నేర్చుకున్న మోడల్‌ను వెలిగొండల్లో పరీక్షిస్తే దాని సత్తా బయటపడుతుంది. మార్కులు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

లెక్చరర్లను నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. దాని మీద పరీక్షల డ్యూటీలు, అడ్మిషన్లు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్ల టెన్షన్. ప్రమోషన్‌కు లెక్కకొచ్చేది అచ్చయిన పేపరే గానీ, ఏడాదంతా కోనలో లాగర్ కోతులపాలు కాకుండా కాపాడుకోవడం కాదు. మరి డేటా దించుకోక ఏం చేస్తారు? పత్రికల నాణ్యతను తేల్చే కేర్ జాబితాను యూజీసీ 2025లో ఎత్తేసింది. మంచి పరిశోధన ఏదో తేల్చే బాధ్యత ఇక విశ్వవిద్యాలయాలదే. ఏడాది పాటు శుభ్రంగా సేకరించి అందరికీ అందుబాటులో పెట్టిన క్షేత్ర డేటాకు ఒక పేపర్‌తో సమానమైన విలువ ఇస్తామని యోగి వేమన విశ్వవిద్యాలయం తన పరిధిలో ముందుగా ప్రకటించాలని మేము కోరుతున్నాం.

అందరికీ అందుబాటులో అన్నామని చెట్ల జాడ కూడా బయటపెట్టమనడం లేదు. ఎర్రచందనం ఎక్కడ దట్టంగా ఉందో మీటర్లతో సహా చెబితే దాన్ని ముందు చదివేది స్మగ్లర్లే. ఉష్ణోగ్రతలు బయట పెట్టండి, చెట్ల చోట్లు అటవీ శాఖ దగ్గర దాచండి.

కొండెక్కే మనుషుల సాయం కూడా తీసుకోవాలి. దశాబ్దాలపాటు జాడ లేని కలివికోడి పిట్ట 1986లో రెడ్డిపల్లె దగ్గర దొరికింది స్థానికుడి చేతికే. పశువుల కాపరులకు, ఎండాకాలంలోనూ ఎండని చెలమ ఎక్కడుందో తెలుసు. వాళ్లకు కూలి కట్టివ్వడానికి ప్రాజెక్టు బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలి.

అభయారణ్యంలో పరిశోధనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. లాగర్లు ఎండలు ముదరకముందే కోనల్లో ఉండకపోతే ఆ ఏడాది కొలత పోయినట్టే. కాబట్టి కాలేజీలు దసరా సెలవుల్లోపే ఉమ్మడి దరఖాస్తులు పెట్టాలి. అటవీ శాఖ శివరాత్రికి ముందే అవుననో కాదనో తేల్చి చెప్పాలి. కాదంటే కారణం రాసివ్వాలి.