ఆకు చదువుకు తాళం

ఆకు ఎదుగుదల మీద దాదాపు ముప్పై ఏళ్లు పరిశోధించిన వృక్షకణ శాస్త్రవేత్త పదవీ విరమణ చేయగానే, ఆ ఆచార్య పదవిని భర్తీ చేయకుండా పక్కనపెట్టి, ప్రయోగశాలకు తాళం వేసిన మన ప్రాంతపు ఒక విద్యాసంస్థ దానిని చిన్న సర్దుబాటుగా చెప్పుకొస్తున్నది. పరిశోధక విద్యార్థులను ఆ విషయంతో సంబంధం లేని పర్యవేక్షకులకు అప్పగించారు. ఆకు ఎలా పెరుగుతుందో తెలుసుకుంటే ఒరిగేదేమిటన్నది పెద్దల ప్రశ్న.

ఆ పెద్దలే ఏటా వనమహోత్సవంలో మొక్క నాటి ఫొటో దిగుతారు. శేషాచలం ఎర్రచందనం మన సంపద అని వేదికలెక్కి చెబుతారు. ఆ చెట్టు ఆకు సాధారణంగా మూడు పత్రకాలుగా, అంటే మూడు చిన్న ఆకులుగా, మన మెట్టపొలాల్లోని వేరుశనగ ఆకు నాలుగు పత్రకాలుగా ఎందుకు విడుతుందో చెప్పగల చదువు మాత్రం వారికి దండగగా కనిపిస్తున్నది.

ఆకు పుట్టేది చిగురుకొనలో, గుండుసూది మొనంత చోట. ఆ కొనను మైనంలో పోతపోసి, మైక్రోటోము అనే కోత యంత్రంతో పలుచని రిబ్బనుగా కోసి, సాఫ్రనిన్ రంగు పట్టించి, ఒక్కొక్క ముక్కనే సూక్ష్మదర్శిని కింద చూడాలి. నడుమ నాలుగు ముక్కలు చిరిగాయా, పని మళ్లీ మొదటికి వస్తుంది. ఆకు చదునుగా రావాలంటే కణవిభజన ముందుగా ఆకు కొన దగ్గర ఆగి, ఆ ఆగడం క్రమంగా అడుగుకు దిగాలి. ఆ క్రమాన్ని నడిపే జన్యువు చెడితే అంచులు మితిమీరి పెరిగి ఆకు ముడతపడుతుందని యాంటిరైనమ్ అనే పూలమొక్కలో 2003లో చూపిన పరిశోధనలో ముందున్న ఉత్పల్ నాథ్, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అదే బాటలో సాగారు. టమాటా ఆకు పత్రకాలుగా విడిపోవడం అదే జన్యు కుటుంబానికి చెందిన మరో జన్యువు అదుపులో ఉందని 2007లో తేలింది. మదనపల్లె మార్కెట్‌కు టమాటా బుట్టలు ఎత్తే రైతుల పేరు చెప్పి ప్రసంగాలు దంచేవారు ఈ చదువును నిరుపయోగమనడం కపటం కాక మరేమిటి?

నిధులు చాలడం లేదని, వృక్షశాస్త్రంలో చేరేవారు తగ్గారని యాజమాన్యం అంటున్నది. నిజమే కావచ్చు. అయితే ప్రధాన ద్వారానికి కొత్త తోరణం కట్టడానికి అవే నిధులు ఎలా చాలాయి? బోధించే ఆచార్యుడే లేని శాఖలో విద్యార్థులు ఏం చూసి చేరాలి? పాత విశ్వవిద్యాలయాలు, వ్యవసాయ కళాశాల, 2015లో వచ్చిన ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఉన్నందుకు తిరుపతిని విద్యానగరమని చెప్పుకుంటూనే, పక్కనే ఒక శాస్త్రశాఖను ఇలా ఎండగట్టడం కూడా ఆ కపటంలో భాగమే. నేడు ఆకు చదువు పనికిరాదన్నవారు రేపు వేరు చదువును, ఎల్లుండి విత్తనం చదువును అదే తూకంలో పెట్టరన్న భరోసా ఏదీ?

పాలకమండలి పెద్దలకు ఒకటే మాట: ఈసారి వనమహోత్సవానికి పార, నీళ్ల చెంబు, ఫొటోగ్రాఫర్‌తో బయలుదేరే ముందు ఆ గది తాళం తీయించి, పదవికి నోటిఫికేషన్ ఇచ్చి రండి. లేదంటే ఆ పూట ఇంట్లోనే ఉండండి.