కాన్ఫిగ్ ఫైల్లో ఉదాహరణలు ఉండాల్సిందే, కానీ ఎక్కడ?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల లినక్స్ నేర్చుకునే పిల్లలు ఏ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినా, ఆ వెంటనే తెరిచేది దాని కాన్ఫిగ్ ఫైలే, అంటే ఆ ప్రోగ్రామ్ ఎలా నడవాలో సెట్టింగ్‌లు రాసే ఫైలు. హ్యాష్ (#) గుర్తుతో మొదలయ్యే, ప్రోగ్రామ్ పట్టించుకోని కామెంట్లలో ఏ సెట్టింగ్ దేనికో, ఎలా రాయాలో ఉదాహరణతో సహా ఉంటుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి లావుపాటి ఇంగ్లిష్ మాన్యువల్ కన్నా ఆ నాలుగు వరుసలే ముందు అర్థమవుతాయి. అందుకే ‘డాక్యుమెంటేషన్ ఉందిగా, ఫైలు ఖాళీగా ఇస్తే ఏం?’ అనే వాదన నాకు మింగుడుపడదు. జేసన్ అనే ఫైలు ఫార్మాట్‌లోనైతే కామెంటుకు చోటే లేదు. మనుషులు చేత్తో దిద్దే ఫైలుకు దాన్ని ఎంచుకోవడం వాడేవారికి అన్యాయం చేయడమే.

అసలు చిక్కు అప్‌గ్రేడ్‌ దగ్గర వస్తుంది. ఒక్క వరుస మార్చినా ఆ ఫైలు ఇక మన సొంతం. డెబియన్ అనే లినక్స్ రకంలో కొత్త వెర్షన్ వేరే ఫైలు తెస్తే, ‘మీది ఉంచాలా, కొత్తది పెట్టాలా’ అని అడుగుతుంది. నడుస్తున్న సర్వర్ మీద చేయి వేసే ధైర్యం ఎవరికుంటుంది? పాతదే ఉంచేస్తాం. దాంతో ప్రోగ్రామ్ మారుతుంది, కామెంట్లు మాత్రం పాత కథే చెబుతుంటాయి.

దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌నే తీసుకోండి. మనం ఏమీ రాయకపోతే అమలయ్యే డిఫాల్ట్ విలువల్ని కామెంట్లుగా చూపించడం ఆ ప్రాజెక్టు పద్ధతి. సర్వాధికారాలున్న రూట్ ఖాతా లాగిన్‌కు ఒకప్పుడు ‘యెస్’ అని ఉండేది. 2015లో 7.0 వెర్షన్‌తో పాస్‌వర్డ్ ద్వారా రూట్ లాగిన్ కావడాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. పాత ఫైలు మిగిలిపోయిన చోట కామెంటు ‘యెస్’ అంటుంది, సర్వర్ కుదరదంటుంది. ఇక్కడ మార్పు భద్రత వైపు జరిగింది కాబట్టి సరిపోయింది.

మాంగోడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉదంతం ఇంకా ముఖ్యం. 2.6 నుంచి 3.4 దాకా అధికారిక ఆర్‌పీఎం, డెబ్ ప్యాకేజీలతో ఇన్‌స్టాల్ చేసుకుంటేనే అది లోకల్‌హోస్ట్‌కు, అంటే తను ఉన్న మెషీన్ నుంచి వచ్చే కనెక్షన్లకు మాత్రమే, పరిమితమయ్యేది. అంటే రక్షణ ప్రోగ్రామ్‌లో లేదు, ప్యాకేజీతో వచ్చే ఫైల్లో ఉంది. వేరే దారిలో తెచ్చుకున్నవారికి ఆ రక్షణ దక్కలేదు. 2017 జనవరిలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వేలాది డేటాబేస్‌లను తుడిచేసి దుండగులు డబ్బు డిమాండ్ చేశారు. అదే ఏడాది వచ్చిన 3.6తో లోకల్‌హోస్ట్ ప్రోగ్రామ్ డిఫాల్టే అయింది.

నేను చెప్పేది ఇదే: సురక్షితమైన డిఫాల్ట్ ప్రోగ్రామ్ లోపలే ఉండాలి, ఫైలు లేకపోయినా అది పనిచేయాలి. అడ్మిన్ దిద్దే ఫైల్లో అతను మార్చినవి మాత్రమే ఉండాలి. వివరమైన ఉదాహరణల ఫైలు పక్కన వేరుగా ఉండి, ప్రతి అప్‌గ్రేడ్‌కూ అడగకుండానే మారిపోవాలి. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఈ విభజనను బాగానే పాటిస్తోంది. తయారీదారు ఫైళ్లు ఒక డైరెక్టరీలో, మనవి ఇంకో డైరెక్టరీలో ఉంటాయి. ప్రస్తుతం ఏ విలువలు అమల్లో ఉన్నాయో చూపే కమాండ్ కూడా తప్పనిసరి. మెయిల్ సర్వర్ అయిన పోస్ట్‌ఫిక్స్‌లో పోస్ట్‌కాన్ఫ్ ఆ పని చేస్తుంది, మనం ఏవి మార్చామో విడిగా కూడా చూపిస్తుంది.

మాదాపూర్, గచ్చిబౌలిలో సర్వర్ సాఫ్ట్‌వేర్ రాస్తున్న బృందాలను నేను అడిగేది ఒక్కటే. మీ కోడ్‌కు టెస్టులు రాస్తున్నారు కదా, ఉదాహరణల ఫైలుకూ రాయండి. ప్రతి రిలీజ్‌కు ముందు అందులోని సెట్టింగ్ వరుసలన్నిటినీ అన్‌కామెంట్ చేసి, అంటే ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, కొత్త ప్రోగ్రామ్‌తో చదివించండి. ఒక్కటి తప్పినా రిలీజ్ ఆపండి.