స్కేలు పెట్టి కొలవని మ్యాప్ నా బల్ల మీదికి రాదు

పోయిన ఆదివారం మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట సగంలో ఆగిపోయింది. బల్ల మీద గళ్ళ మ్యాప్ పరిచి, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథను ఆడే ఆట ఇది. తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద ఆడుతున్నాం. ఐదుగురు ఆటగాళ్ళు, కథ నడిపి తీర్పులు చెప్పే డీఎం (డంజన్ మాస్టర్) నేను. వాగుకు ఇవతల మా పిన్ని కొడుకు ఆడే విలుకాడు. అవతల గట్టు మీద బందీని లాక్కుపోతున్న గొబ్లిన్ల (పొట్టి రాక్షసుల) నాయకుడు. వాడు చీకట్లో కలిసిపోయేలోపు ఒక్క బాణానికి టైముంది. లాంగ్‌బో, అంటే పొడవాటి విల్లుతో 150 అడుగుల దాకా మామూలుగా వేయొచ్చు. అది దాటితే డిజడ్వాంటేజ్, అంటే 20 ముఖాల పాచికలు రెండు వేసి తక్కువ పడినదే తీసుకోవాలి. మ్యాప్ మీద గడికి 5 అడుగులు కాబట్టి 150 అడుగులంటే 30 గళ్ళు.

మావాడు టేపు పెట్టి కొలిచాడు. 29.8 అంగుళాలు వచ్చింది. గడికి ఒక అంగుళం కదా, అందుతుంది అన్నాడు. పక్కనున్న అమ్మాయి వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టింది. 31. అందదు అంది. మళ్ళీ కొలిచారు, మళ్ళీ లెక్కపెట్టారు. ఇద్దరి లెక్కా కరెక్టే.

తప్పు మ్యాప్‌లో ఉంది. ఏ4 కాగితాల మీద ప్రింట్ తీయించి అంటించిన మ్యాప్ అది. కొన్ని షీట్లు ఒక షాపులో తీయించాను, మిగతావి రెండు రోజుల తర్వాత ఇంకో షాపులో. రెండో చోట 'ఫిట్ టు పేజ్' పెట్టి తీశారు. మార్జిన్లలో పట్టడానికి బొమ్మ 94 శాతానికి తగ్గిపోయింది. బాణం పోయే దారిలో 20 గళ్ళు ఆ షీట్ల మీద ఉన్నాయి, అవి 18.8 అంగుళాలే వచ్చాయి. మిగతా 11 గళ్ళు సరిగ్గా 11 అంగుళాలు. రెండూ కలిపితే 29.8. అంటించేటప్పుడే గీతలు కలవట్లేదని చూశాను. చూసి కూడా వదిలేశాను. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

అప్పుడు ఒకరు "పర్లేదులే సామీ, సుమారుగా చాలు, ఏదో ఒకటి చెప్పెయ్" అన్నారు. నేను ఆట ఆపేశాను. ఈ పోస్టు ఆ 'సుమారుగా చాలు' గురించే.

ఎందుకు ఆపానో చెప్తాను. మావాడు ఆ గట్టు దగ్గరికి ఊరికే రాలేదు. అంతకు ముందు రెండు టర్న్‌లు గళ్ళు లెక్కపెట్టుకుంటూ పరిగెత్తాడు. గాయపడిన తోటి మనిషిని వెనక వదిలేసి వచ్చాడు. ఆ దూరం కోసం వాడు అంత ఇచ్చాడు. ఇప్పుడు నేను 'సరే, అందుతుందిలే' అంటే వాడి లెక్కకు విలువ లేదు. 'అందదులే' అంటే అంతకంటే అన్యాయం. డీఎం నోటి మాటతో దూరం మారిపోయే చోట ఆటగాడు ఆలోచించడం మానేస్తాడు. నా ముఖం చూసి ఆడడం మొదలుపెడతాడు.

ఈ ఆట పుట్టుకలోనే కొలత ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు అది బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధాల ఆటల నుంచి వచ్చింది. అప్పటి రూల్స్‌లో దూరాలు అంగుళాల్లోనే ఉండేవి. గుహ లోపల అంగుళం అంటే 10 అడుగులు, ఆరుబయట 10 గజాలు. 5 అడుగుల గడి 2000లో మూడో ఎడిషన్‌తో స్థిరపడింది. 2008లో నాలుగో ఎడిషన్ దూరాలన్నీ నేరుగా గళ్ళలోనే రాసింది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ గ్రిడ్ ఉన్నా సరే, లేకపోయినా సరే అంది. 'చూశావా, మ్యాపే అక్కర్లేదంట' అని ఈ మాట పట్టుకుని నాతో వాదించేవాళ్ళున్నారు. అక్కర్లేదు, నిజమే. సంతలో బేరాలు, రాజుగారి దర్బారులో మాటలు మేమూ మ్యాప్ లేకుండానే ఆడతాం. కానీ బల్ల మీద గళ్ళు పరిచి, బొమ్మ పెట్టి, 'నువ్విక్కడున్నావు' అన్నాక అది మాట ఇచ్చినట్టే. మ్యాప్ లేకపోతే ఎవరికీ అన్యాయం జరగదు, కొలత తప్పిన మ్యాప్ ఉంటేనే జరుగుతుంది.

ప్రింట్ సంగతి ముందు చెప్తాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఏ4 కాగితం 210×297 మిల్లీమీటర్లు. మార్జిన్లు పోను అంగుళం గళ్ళు 7×10 హాయిగా పడతాయి. ఆటలో అది 35×50 అడుగుల చోటు. చిన్న గుహకు చాలు, విలుకాడికి చాలదు. షీట్లు అంటించక తప్పదు. పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు 'యాక్చువల్ సైజ్' లేదా 100 శాతం అని నోటితో చెప్పండి, స్క్రీన్ మీద కూడా చూడండి. నేనిప్పుడు ప్రతి షీటు మూలలో 5 అంగుళాల గీత ఒకటి పెడుతున్నా. జేబులో స్కేలు ఉంటుంది. మొదటి షీటు బయటికి రాగానే ఆ గీత కొలుస్తాను, సరిగ్గా ఉంటేనే మిగతావి తీయమంటాను. వెనక క్యూలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీండి, ఒక్క నిమిషం పని.

పెద్ద పోరాటమైతే ఫ్లెక్స్ మంచిది. 3×2 అడుగుల ఫ్లెక్స్ మీద 36×24 గళ్ళు, ఆటలో 180×120 అడుగులు. లాంగ్‌బోకి కావలసిన 30 గళ్ళు అందులో పడతాయి. కాగితానికి గడికి 300 పిక్సెల్స్ పెడతాను, ఫ్లెక్స్‌కి 150 పెట్టినా నా కంటికి తేడా తెలీలేదు. ఒక్క జాగ్రత్త. ఫ్లెక్స్ షాపుల్లో రోజంతా పుట్టినరోజు బ్యానర్లు, శ్రద్ధాంజలి బ్యానర్లు చేస్తుంటారు. ఖాళీ కనిపిస్తే బొమ్మను ఆ చివర నుంచి ఈ చివరకు సాగదీయడం వాళ్ళకు అలవాటు. ముఖం అర అంగుళం సాగినా ఎవరూ అడగరు. మనకు గడి అర అంగుళం సాగితే ఆట పోతుంది. "సాగదీయొద్దన్నా, గడి సరిగ్గా అంగుళం ఉండాల" అని పక్కన నిలబడి చేయించుకోండి.

ఇక లోపల గీసే విషయం. ఇంటర్నెట్‌లో దొరికే అందమైన మ్యాపులు దించుకుని అలాగే పరిచేస్తుంటారు చాలామంది. పరవకముందు ఒకసారి మీ ఇంటిని గళ్ళలో చూసుకోండి. మా హాలు 10×15 అడుగులు. అంటే 2×3, మొత్తం ఆరు గళ్ళు. ఐదుగురు ఆటగాళ్ళు, నలుగురు శత్రువులు ఎక్కడ నిలబడాలి? అందుకే మ్యాపులు గీసేవాళ్ళు గదులను పెంచేస్తారు, పూటకూళ్ళ ఇంట్లో పడగ్గది కూడా 40 అడుగులు ఉంటుంది. పెంచడం తప్పని నేననను. గదిని పెంచి మంచాన్ని పెంచకపోవడం, తలుపును ఒక గడి పెట్టి పక్క వీధిని రెండు గళ్ళకే కుదించడం తప్పు. పెంచితే అన్నీ ఒకే లెక్కలో పెంచాలి. లేకపోతే ఆటగాడికి కళ్ళు ఒకటి చెప్తాయి, గళ్ళు ఇంకోటి చెప్తాయి.

నాకు దీనికి మందు చంద్రగిరిలో దొరికింది. నా అంగ రెండున్నర అడుగులు. రెండు అంగలకు ఒక గడి. ఒక పొద్దున కోటకు పోయి, రాజమహల్ ముందు పచ్చికలో, లోపల స్తంభాల మధ్య అంగలు లెక్కపెట్టుకుంటూ తిరిగాను. ఇంటికొచ్చి గీసిన మ్యాప్ మేం ఇప్పటిదాకా ఆడినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టం. అక్కడే స్తంభం గురించి ఒక సంగతి అర్థమైంది. స్తంభాన్ని గడి మధ్యలో గీస్తే ఆ గడి దండగ, ఎవరూ నిలబడలేరు. అదే స్తంభాన్ని నాలుగు గళ్ళు కలిసే మూల మీద గీస్తే నాలుగు గళ్ళూ బతుకుతాయి, నాలుగింటిలో ఎక్కడ నిలబడ్డా దాని చాటు దొరుకుతుంది. సగం చాటుకు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే శత్రువు పాచిక అందుకోవలసిన అంకె) 2 పెరుగుతుంది, ముప్పావు చాటుకు 5. గీత ఒక అర అంగుళం జరిగితే ఒక మనిషి ప్రాణం నిలబడుతుంది. మండపం మ్యాప్‌లో ఈ ఒక్క మార్పు చేసి చూడండి, ఆటగాళ్ళు ఒకచోట గుంపుగా నిలబడి కొట్టుకోవడం మానేసి స్తంభం నుంచి స్తంభానికి కదులుతారు.

మూల నుంచి మూలకు పోయే లెక్క ఇంకో గొడవ. 5 అడుగుల గడిలో ఆ మూల నుంచి ఈ మూలకు దాదాపు 7 అడుగులు. ఐదో ఎడిషన్ మామూలు లెక్కలో అదీ 5 అడుగులే. ఒక టర్న్‌లో 30 అడుగుల నడక ఉన్నవాడు ఆరు గళ్ళు ఐమూలగా పోతే నిజానికి 42 అడుగులు పోయినట్టు. అందుకే మేం పాత లెక్క వాడతాం: మొదటి ఐమూల గడికి 5, రెండోదానికి 10, మళ్ళీ 5, మళ్ళీ 10. 30 అడుగులకు నాలుగు గళ్ళే వస్తాయి.

ఒకరోజు నేను అడవి మ్యాప్‌కి గ్రిడ్ గీస్తూ ఈ లెక్కతో తల పట్టుకుంటే మా అవ్వ వెనక నుంచి చూసి, "సరి చుక్కలు పెట్టుకుంటే మూలలు దూరమే అవుతాయి అబ్బయా, సందు చుక్కలు పెట్టు" అంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత వాకిట్లోకి పోయి ముగ్గు చూశాను. సరి చుక్కలంటే చుక్క కింద చుక్క, అది మన చదరపు గ్రిడ్. సందు చుక్కలంటే పై వరుసలో రెండు చుక్కల సందున కింది వరుస చుక్క పడుతుంది. అట్లా పెడితే ప్రతి చుక్క చుట్టూ ఆరు చుక్కలు, ఆరూ ఒకే దూరంలో. అది అచ్చంగా హెక్స్ గ్రిడ్, అంటే ఆరు పలకల గళ్ళ గ్రిడ్! '15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్కలు' అని ధనుర్మాసంలో ఆడవాళ్ళు చెప్పుకునేది పెద్ద ఆరు పలకల మ్యాప్. ఐమూల గొడవ అక్కడ అసలు లేదు. అప్పటి నుంచి అడవి, కొండ మ్యాపులన్నీ సందు చుక్కల మీదే గీస్తున్నా. చుక్కలు పెట్టేది మా అవ్వే. ఆమె చేతికి స్కేలు అక్కర్లేదు.

ఎత్తు రాయడం మర్చిపోయే మ్యాపులు కూడా నాకు నచ్చవు. తలకోన జలపాతం 270 అడుగులు. ఐదో ఎడిషన్‌లో ప్రతి 10 అడుగుల పతనానికి ఒక ఆరు ముఖాల పాచిక దెబ్బ, ఎంత ఎత్తయినా 20 పాచికలు దాటదు. 200 అడుగులకే ఆ హద్దు వచ్చేస్తుంది. కొండ అంచు గీసి పక్కన ఎత్తు రాయకపోతే, తోసే మంత్రం ఉన్న ఆటగాడికి ఆ మంత్రం విలువే తెలీదు. అంచు పక్కన అంకె రాయండి, చాలు.

మాలో ఇద్దరు బెంగళూరులో ఉద్యోగం. వాళ్ళు రాలేని వారాలు ఆన్‌లైన్‌లో ఆడతాం, అక్కడా ఇదే జబ్బు వేరే రూపంలో ఉంది. రోల్20, ఫౌండ్రీ అని మ్యాప్ పరుచుకోవడానికి ఆన్‌లైన్ బల్లల్లాంటివి ఉన్నాయి. రోల్20లో మామూలుగా గడికి 70 పిక్సెల్స్, ఫౌండ్రీలో 100. 36×24 గళ్ళ మ్యాప్ ఫౌండ్రీకైతే 3600×2400 ఉండాలి. దించుకున్న బొమ్మకు అంచు ఫ్రేమ్ ఉంటే మొదటి గడి సరిపోయినట్టే ఉంటుంది, 36వ గడికి వచ్చేసరికి గీత గోడ మధ్యలో ఉంటుంది. అంచును గీత దాకా కత్తిరించాకే ఎక్కించండి. ఫోన్ డేటా మీద ఆడేవాళ్ళుంటే బొమ్మను వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చండి. చూపును ఆపే గోడలు గీసేటప్పుడు బొమ్మలోని గోడ మందానికి కొంచెం లోపలికి గీయండి, అంచు మీదే గీస్తే ఆటగాళ్ళకు గోడ బదులు నలుపు కనిపిస్తుంది.

వాగు మ్యాప్‌ని ఈ వారం ఫ్లెక్స్ మీద మళ్ళీ తీయించాను. నిన్న సాయంత్రం మిద్దె మీద పరిచి స్కేలుతో మూడు చోట్ల కొలిచాను. పొడవు 36 అంగుళాలు, ఎక్కడ కొలిచినా గడికి అంగుళం. విలుకాడి గడి నుంచి గొబ్లిన్ గడి దాకా రెండుసార్లు లెక్కపెట్టాను. 31. టేపు పెట్టినా 31. మా పిన్ని కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే అన్నా, రెండు పాచికలు తెస్తా" అన్నాడు.