ఆ స్టిక్కర్ పేషెంట్ చేతికి ఎందుకివ్వరు?

"రొమ్ముల్లో తేడానా? గంటలో సరిచేస్తాం" అని ఇప్పుడే ఒక రీల్ కనిపించింది. ఒళ్లు మండిపోతోంది. రొమ్ములో ఇంప్లాంట్ (లోపల పెట్టే సిలికాన్ సంచి) పెట్టే మొదటి ఆపరేషన్ గురించి చెప్పినా తప్పే, వీళ్లు చెప్పేది దాని తర్వాత వచ్చిన తేడాని సరిచేసే రెండోదాని గురించి!

ఇంప్లాంట్ పెట్టాక ఒళ్లు దాని చుట్టూ ఒక పొర కడుతుంది. ఒకవైపు ఆ పొర బిగుసుకుంటే ఇంప్లాంట్ గట్టిపడి పైకి లేస్తుంది. ఇంకోవైపు రొమ్ము కింది మడత వదులైతే ఇంప్లాంట్ జారిపోయి, చనుమొన పైకి చూస్తుంది. బయటికి రెండూ "తేడా"యే, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. బిగిసినచోట పొర తీసేసి కొత్త ఇంప్లాంట్ పెట్టాలి, చాలాసార్లు కండరం కిందికి మార్చాలి. జారినచోట పాకెట్ (ఇంప్లాంట్ కూర్చునే ఖాళీ) కింది అంచును ఛాతీ గోడకు కుట్టి పైకి తేవాలి. ఇవేవీ చూడకుండా చిన్నగా కనిపించే వైపు పెద్ద సైజు పెట్టేస్తారు. సాగిన చర్మం ఆ బరువు మోయలేదమ్మా, మళ్లీ జారుతుంది.

ఇన్ఫెక్షనో రక్తస్రావమో లేకపోతే మొదటి ఆపరేషన్ తర్వాత కనీసం ఆరు నెలలు ఆగాలి. వాపు దిగకముందే కత్తి పట్టేవాళ్లని నమ్మకండి. ఏళ్ల తర్వాత ఒకవైపు హఠాత్తుగా ఉబ్బితే సైజు మాట పక్కనపెట్టి ముందు అల్ట్రాసౌండ్ చేయించుకోండి. నీరుంటే తీసి లింఫోమా (ఒకరకం క్యాన్సర్) పరీక్షకు పంపాలి. 2019 జులైలో అలెర్గాన్ కంపెనీ బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది ఈ భయంతోనే.

మీ ఒంట్లో ఉన్నది అదేనా? ఎలా తెలుస్తుంది? నా అసలు కడుపుమంట ఇదే. ప్రతి ఇంప్లాంట్ పెట్టెలో స్టిక్కర్లొస్తాయి: కంపెనీ, సీరియల్ నంబర్, సైజు ఎన్ని సీసీ, ఏ ఆకారం. ఒకటి కేస్ షీట్‌కి, ఒకటి పేషెంట్ కార్డుకి. డిశ్చార్జ్ కాగితంలో మాత్రం "రెండువైపులా ఇంప్లాంట్లు" అని ఒక్క ముక్క! ఎడమ 275 సీసీ, కుడి 300 సీసీ అని రాసివ్వడానికి ఏం అడ్డొచ్చింది? రెండో డాక్టర్ పాతది బయటికి తీసి త్రాసులో తూచి సైజు అంచనా వేసుకోవాలి. అందాకా ఆ మనిషి టేబుల్ మీద మత్తులో ఉండాలి.

అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. దాచాల్సిన గడువు మూడేళ్లే, ఆలస్యం చేయకండి. "ఆపరేషన్ నోట్స్, ఇంప్లాంట్ స్టిక్కర్ ఉన్న పేజీ" అని పేరుపెట్టి రాయండి.